గ్యాసే అన్నారు

నవ్వకూడదట. దగ్గకూడదట. తల ఎత్తకూడదట, కాలు మడవకూడదట, తుమ్ము వచ్చేటట్టుంటే ముందుగా చెప్పాలట, తుమ్ములు అర్జీ పెట్టుకుని వస్తాయి కాబోలు. కుడి తొడ మొదట్లో ఈ మనిషి రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒళ్ళంతా వంచి నొక్కుతున్నాడు. పొద్దుటినుంచి అక్కడ ఒక గొట్టం గుచ్చి ఉంచారు, దాంట్లోంచే గుండె దాకా వెళ్ళారు, ఇప్పుడది పీకేశారు కాబట్టి కన్నం మూతపడేదాకా ఇలా నొక్కుతూనే ఉండాలి. వదిలితే రక్తం పైకప్పు దాకా చిమ్ముతుందన్నాడు, కాస్త గర్వంగానే అన్నాడు. నర్సులు ఇతన్ని బండచెయ్యి అని పిలుస్తున్నారు. అది తిట్టో బిరుదో తెలియదు గానీ పలుకుతున్నాడు. బుగ్గన లవంగం పెట్టుకున్నాడు, వంగినప్పుడల్లా ఆ వాసన నా ముఖం మీదికి వస్తోంది. "కోపం కూడా తెచ్చుకోకండమ్మా, బీపీ పెరిగితే నేను పట్టలేను," అన్నాడు. అప్పటికే తెచ్చుకున్నాను నాయనా, ఇప్పుడు చెప్తే ఏం లాభం. తెచ్చుకున్న కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పళ్ళ మధ్య పెట్టుకుని పడుకున్నాను. తల పక్కన యంత్రం టింగు టింగుమంటోంది. నా ఆలోచన కాస్త వేడెక్కితే చాలు, దాని నడక మారిపోతోంది, చాడీలు చెప్పే పిల్లలాగా. ముప్పై ఏళ్ళ కాపురంలో ఇలాంటి యంత్రం ఒకటి ఆయన తల పక్కన ఉండుంటే ఎంత బాగుండేది.

పొద్దున ఆపరేషను గదిలో డాక్టర్లు నేను నిద్రపోయాననుకున్నారు. మత్తిచ్చారు, నిజమే, కానీ అది కళ్ళకి ఎక్కింది, చెవులకి ఎక్కలేదు. నా చెవులు అంత తేలిగ్గా పడుకునే రకం కాదు, బస్టాండులో విచారణ కౌంటరులో బతికిన చెవులు, ఇంజన్ల మోతలో నలుగురు నాలుగు ఊళ్ళ పేర్లు ఒకేసారి అరిచినా ఎవరికి ఏ ఊరు కావాలో పట్టుకునే చెవులు. ఆ గదిలో చలి, చలిలో ఇనుప వాసన, నా ఛాతీ చుట్టూ అటూ ఇటూ తిరిగే ఆ పెద్ద కెమెరా, ముఖం పక్కన అద్దం తెర. పెద్ద డాక్టరు ఏదో కూనిరాగం తీస్తూ మొదలుపెట్టాడు. గుండెకి రక్తం తెచ్చే నరాల్లో ఒకటి పూర్తిగా మూసుకుపోయిందట, వెంట్రుకంత తీగని ఆ మూతలోంచి అవతలికి దాటించాలట, దాటిందా, ఆ తీగ మీదుగా బెలూనూ స్టెంటూ అన్నీ వెళ్తాయి, దాటలేదా, ఏమీ లేదు, వచ్చిన దారినే ఇంటికి. ముందు రోజు నాకు ఇంత చెప్పలేదు లెండి, 'ఒక చిన్న అడ్డు' అన్నారు, సింకులో అన్నం మెతుకు అడ్డం పడ్డట్టు. ఇదంతా చిన్న డాక్టరుకి పాఠం చెప్తుంటే విన్నాను. తీగ ముందునుంచి పెట్టారు, అది దారిలోకి పోకుండా గోడలోకి దూరింది. తీసి ఇంకోటి పెట్టారు, అదీ అంతే. అప్పుడు పెద్ద డాక్టరు "వెనకనుంచి వద్దాం" అన్నాడు. నరం ఒకటి మూసుకుపోతే గుండె ఊరుకోదట, పక్క నరం నుంచి సన్నటి పిల్లదారులు వేసుకుని అక్కడికి ఇన్ని నీళ్ళు పోసుకుంటుందట. ఆ పిల్లదారుల్లోంచి దూరి అవతలివైపు నుంచి ఈ మూతని కొట్టాలని చూశారు. అప్పుడు నా ఛాతీలో ఎవరో మోకాలు పెట్టి కూర్చున్నట్టయింది. "నొప్పా అమ్మా?" అన్నారు, ఏదో మూలిగాను, ఇంకాస్త మత్తు పోశారు. ఎప్పుడో చూసుకుంటే కూనిరాగం లేదు. బస్సు డ్రైవరు ఈల ఆపేస్తే ముందు రోడ్డు బాగోలేదని కండక్టరుకి తెలుస్తుంది, నాకూ తెలియాల్సింది.

"రాయి. ఇది మన మాట వినదు," అన్నాడు పెద్ద డాక్టరు. "ఆపేద్దాం. రంగు మందు చాలా ఎక్కింది, ఇంకా ఎక్కిస్తే కిడ్నీలు పోతాయి." అంతవరకూ నేను బాధపడలేదు, ఒట్టు. బస్సు రద్దయితే రద్దయింది, ఇన్నేళ్ళూ జనానికి అదే చెప్పాను, ఒక్కసారైనా 'కూర్చోండి, వస్తుంది' అని చెవిలో పువ్వు పెట్టలేదు, దానికి నన్ను తిట్టినవాళ్ళున్నారు, గాజు మీద ఉమ్మేసి పోయినవాడూ ఉన్నాడు. కానీ తర్వాత చేతి తొడుగులు విప్పుకుంటూ పెద్ద డాక్టరు అడిగాడు, "మూడేళ్ళ కిందటి యాంజియో సీడీ చూశావా?" చిన్న డాక్టరు చూశానన్నాడు. "అప్పుడు సన్నగా దారి ఉంది సార్." "ఉంది కదా! అప్పుడైతే పావుగంట పని. స్టెంటు పడేసి పంపించేసేవాళ్ళం. ఎందుకు చేయించుకోలేదట?" "ఇంట్లోవాళ్ళు వద్దన్నారట సార్. పేషెంటుకి కూడా చెప్పొద్దన్నారట. ఇప్పుడూ ఏదైనా ముందు భర్తకే చెప్పమన్నారు." పెద్ద డాక్టరు నిట్టూర్చాడు, అలవాటైన నిట్టూర్పే. "సరే, ఆయన్నే పిలువు."

ఆయన్నే పిలువు. గుండె నాది, పిలుపు ఆయనకి.

నెమ్మది, నెమ్మది, యంత్రం అప్పుడే పరిగెడుతోంది. బండచెయ్యి తల తిప్పి యంత్రం వంక చూసి మళ్ళీ నా వంక చూశాడు. "నిద్రపోండమ్మా కాసేపు. అంతా బాగా జరిగిందంట కదా," అన్నాడు. ఓరి నీ ఇల్లు బంగారంగానూ, నీకు కూడా చెప్పి పంపించారా! వాకిట్లో కాపలావాడికీ, చీపురు పట్టుకున్నావిడకీ కూడా చెప్పే ఉంటారు. ఊరందరికీ ఒకే పాఠం, పరీక్ష రాయాల్సింది మాత్రం నేను.

కానీ పాఠం సరిగ్గా బట్టీ పట్టలేదు, అదీ వాళ్ళ తెలివి. ఇందాక మొదట వదిన వచ్చింది, ఆయన అక్కగారు, ఒక్కొక్కళ్ళే రెండేసి నిమిషాలు అన్నారట, మొదటి హక్కు ఆవిడదే కదా, ఈ ఇంట్లో పెళ్ళిచూపుల నుంచీ మొదటి హక్కు ఆవిడదే. వస్తూనే నా నుదుటి మీద చెయ్యి వేసి, జ్వరం వచ్చినవాళ్ళకి వేసినట్టు, "అమ్మాయ్, గండం గడిచింది. బెలూను పెట్టి ఊదేశారట, దారి బార్లా తెరుచుకుందట, స్టెంటు కూడా అక్కర్లేదన్నారట," అంది. ఆవిడ అటు వెళ్ళగానే మా అమ్మాయి వచ్చింది. దానికి అబద్ధం చేతకాదు, చిన్నప్పుడు పెన్సిలు పారేసుకొచ్చి ఎవరో తీసుకున్నారని చెప్తే చెవి తమ్మెలు ఎర్రబడేవి, ఇప్పుడు ముప్పైకి దగ్గరపడుతోంది, ఇంకా అవే చెవులు. "రెండు స్టెంట్లు వేశారమ్మా, ఇంక నీకేం భయం లేదు," అని నా కాలి బొటనవేలు పట్టుకుని నిలబడింది. నవ్వొచ్చింది నాకు. నవ్వకూడదు కదా. పొట్ట కదిలితే బండచెయ్యి బుస్సుమన్నాడు. ఒకళ్ళు సున్నా అన్నారు, ఒకళ్ళు రెండన్నారు, ఆయన వచ్చి ఒకటి అంటే సరి, ముగ్గురూ కూర్చుని లెక్క తేల్చుకుందురుగాని. దాన్ని ఒకటి అడుగుదామనుకున్నాను. మూడేళ్ళ కిందట నీకూ తెలుసా తల్లీ అని. నాలిక చివరిదాకా వచ్చింది. అడిగితే చెవులు చెప్పేస్తాయి. అడగలేదు. అదొక్కటీ నాకు తెలియకుండా ఉంటేనే బాగుంటుందనిపించింది, చూశారా, నేనూ ఆ ఇంటిదాన్నే.

వదిన నోట్లో నువ్వుగింజ నానదు. మా పక్కింటావిడ కోడలికి నెల తప్పిందని ఆ కోడలికంటే ముందు వీధికి తెలిసింది ఆవిడ వల్లే. అలాంటి మనిషి మూడేళ్ళు ఈ మాట కడుపులో పెట్టుకుని తిరిగింది. మా ఇంటికొచ్చి భోంచేసి, నేను మెట్లెక్కి ఆయాసపడుతుంటే చూసి, "గ్యాసమ్మా, గ్యాస్. వేళకి తినవు, ఆ కౌంటర్లో కూర్చుని గాలి మింగుతావు," అంది. ఎంత సొంపుగా అందో. ఆయనా అంతే. అప్పుడు ఆ మొదటి యాంజియో అయ్యాక మణికట్టుకి పట్టీ వేసి మంచం మీద కూర్చోబెడితే, ఆయన పళ్ళరసం గ్లాసు పట్టుకొచ్చి నవ్వుతూ, "నరాలన్నీ అద్దంలా ఉన్నాయట, అంతా గ్యాసే అన్నారు," అన్నారు. నేను నమ్మాను. నమ్మడమేమిటి, కాళ్ళ మీద పడినంత సంబరపడ్డాను, అనవసరంగా డాక్టరుకి డబ్బు తగలేశామని నేనే ఆయన్ని ఓదార్చాను. మా మైకు గది పైన ఉంటుంది, ఇనుప మెట్లు, ఆలస్యం కబురు వచ్చినప్పుడల్లా ఎక్కి చెప్పాలి. మొదట్లో పైదాకా వెళ్ళాక నొప్పొచ్చేది, తర్వాత సగంలో, తర్వాత మొదటి మెట్టు చూస్తేనే. దవడ కింద లాగేది, ఎడమ మోచెయ్యి బరువెక్కేది. ఏమండీ, గ్యాస్ మోచేతిలోకి కూడా వెళ్తుందా అని అడిగితే ఆయన "వెళ్తుంది, వాయువు కదా, ఎక్కడికైనా వెళ్తుంది," అన్నారు. శాస్త్రం! పైగా, "కాస్త నడువు, అదే దిగుతుంది." నడిచాను. మూసుకుపోతున్న నరంతో కాలనీ చుట్టూ రోజూ నడిచాను, ఆయన పక్కనే నడిచారు, నా చెప్పుల చప్పుడు ఆగితే ఆయనా ఆగేవారు. ఆ ఆగడంలో ఏముందో నాకేం తెలుసు. ప్రేమనుకున్నాను.

అసలు నన్ను చంపింది ఆ మాత్రల పెట్టె. తలచుకుంటే ఒళ్ళు మండుతోంది, మండకూడదు, ఇదుగో యంత్రం. గ్యాస్‌కీ బలానికీ అని చెప్పిన మాత్రలకి ప్లాస్టిక్ పెట్టె, ఉదయానికో గడి, రాత్రికో గడి. ఆయన ఆదివారం కూర్చుని మాత్రలు అట్టలోంచి ఒక్కొక్కటీ వొలిచి ఆ గడుల్లో సర్దేవారు, చిక్కుడుగింజలు వొలిచినంత శ్రద్ధగా. నీకెందుకు శ్రమ, నేను చూసుకుంటాను అనేవారు. మా కౌంటరులో టిక్కెట్లమ్మాయి ఆ పెట్టె చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది, "మేడమ్, మా ఆయన నేను జ్వరంతో పడున్నా మంచినీళ్ళివ్వడు, మీరు పెట్టి పుట్టారు," అని. నేను మురిసిపోయాను. అట్టలు ఎందుకు పారేస్తున్నారో, అట్ట మీద పేరుంటుందని, పేరుంటే నేను చదువుతానని, చదివితే ఎవరినైనా అడుగుతానని ఈ రోజు బల్ల మీద పడుకుంటే గానీ వెలగలేదు. బట్టతలకీ మోకాలికీ ముడిపెట్టే జనాన్ని రోజంతా చూసేదాన్ని, నా ఇంట్లో ముడి నాకు కనపడలేదు. చేతుల మీద ఊరికే నీలం మచ్చలు పడేవి. రక్తం పలచబడే మందుకి అలా పడతాయట, ఇప్పుడు చెప్పారు ఇక్కడి నర్సులు. ఆయన్నడిగితే వయసు అన్నారు. ఫోటో స్టూడియో మనిషి. ముఖాల మీద మచ్చలు తుడిచేసి, పెళ్ళికూతుళ్ళ బుగ్గలు నునుపు చేసి ఇవ్వడం ఆయన పని. ఒకసారి ఒకావిడ తన కనుబొమ్మ మీద గాటు తీయొద్దండీ, అది నాదే అంటే ఆయనకి అర్థమే కాలేదు, ఇంటికొచ్చి నాతో చెప్పి ఆశ్చర్యపోయారు.

ఎందుకు చేశారో నాకు తెలుసు. తెలియకపోతే బాగుండేది, హాయిగా తిట్టుకునేదాన్ని. మా అత్తగారిని గుండె ఆపరేషనుకి తీసుకెళ్తే సంతకం పెట్టింది ఆయనే. ఆవిడ బల్ల మీదే పోయారు. వరండాలో అందరి ముందూ వదిన ఆయన చొక్కా పట్టుకుని "నువ్వు పెట్టావురా సంతకం, నువ్వే పెట్టావు," అని ఊపేసింది. అప్పటినుంచి కొరియరువాడి కాగితం మీద సంతకం పెట్టాలన్నా ఆయన చేతికి చెమట పడుతుంది. మరి మూడేళ్ళ కిందట డాక్టరు స్టెంటు వెయ్యాలి, సంతకం పెట్టండి అని ఉంటాడు. ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని ఉంటారు, చొక్కా పట్టుకున్నావిడా, చొక్కా చిరిగినాయనా. మందులతో లాగిద్దాం అనుకుని ఉంటారు. లాగించారు. పాపం, జాలిపడాలి నేను. ముప్పై ఏళ్ళుగా ఆయన మీద జాలిపడుతూనే ఉన్నాను, ఆ జాలి ఎక్కడుందో వెతుకుతున్నాను ఇప్పుడు, దొరకడం లేదు. ఆ రోజు నన్ను అడగొచ్చు కదా? ఆ సంతకం నేను పెట్టేదాన్ని కదా, నాకు చేతులు లేవా? పోతే నేనే పోయేదాన్ని, ఎవరి చొక్కా ఎవరూ పట్టుకునేవాళ్ళు కాదు.

మంచం చుట్టూ ఉన్న గుడ్డ తెర జరిగింది. ఆయనే. గడ్డం చేసుకోలేదు, చొక్కా గుండీ ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నారు. దుప్పటి కింద పరాయి మగాడి చెయ్యి ఎక్కడుందో చూసి, చటుక్కున చూపు తిప్పేసి గోడ మీద గడియారాన్ని చూస్తూ నిలబడ్డారు. బండచెయ్యికి ఇవన్నీ మామూలే, లవంగం అటు బుగ్గ నుంచి ఇటు బుగ్గకి మార్చుకున్నాడు.

"ఎలా ఉంది?" అన్నారాయన గడియారంతో.

"మీరే చెప్పాలి," అన్నాను.

"అంతా బాగుందన్నారు. దారి పడిందట. ఇంక నిశ్చింతగా ఉండొచ్చట." ఆ గొంతు చూడాలి. తేనె. ఒక స్టెంటా రెండా అడుగుదామనుకున్నాను, మరీ అంత నీచం అక్కర్లేదనిపించింది.

"అయితే సోమవారం నుంచి డ్యూటీకి వెళ్తాను."

"తొందరేముంది. కొన్నాళ్ళు విశ్రాంతిగా..."

"దారి పడిందిగా. మెట్లెక్కుతాను."

"మెట్లు వద్దన్నారు."

"దారి పడితే మెట్లెందుకు వద్దన్నారు?"

ఆయన గడియారాన్ని వదిలి నా వంక చూశారు. మొదటిసారి. తేలు కుట్టిన దొంగ ముఖం అంటారే, అది. నేను గొంతు పెంచలేదు, పెంచకూడదు కదా, మైకులో చెప్పినట్టే చెప్పాను, ఎత్తూ పల్లం లేకుండా. "తీగ దాటలేదండీ. ఆపేశారు. నాకు మెలకువ ఉంది. మూడేళ్ళ కిందట సన్నగా దారి ఉందన్న సంగతి కూడా విన్నాను."

ఆయన మంచం ఇనుప కమ్మీ పట్టుకున్నారు. "నువ్వు భయపడతావని..."

"ఎవరు భయపడిందీ?"

అంతే, యంత్రం కూత పెట్టింది. ఎర్ర దీపం. బండచెయ్యి మోచేతులు బిగించి, "అయ్యా, మీరు బయటికి నడవండి ముందు! అమ్మా, ఊపిరి తీసుకోండి, వదలండి, తీసుకోండి," అని అరిచాడు. తొడ దగ్గర వెచ్చగా తడి తగిలింది. నర్సు పరిగెత్తుకొచ్చింది. ఆయన బయటికి నడవలేదు, అక్కడే నిలబడి ఏడవడం మొదలుపెట్టారు, చప్పుడు లేకుండా, ముక్కు తుడుచుకోకుండా. చూడండి అన్యాయం. నొప్పి నాది, నరం నాది, నా రక్తం దుప్పటికి అంటుకుంటోంది, ఏడుపు కూడా ఆయనే ఏడ్చేశారు. ఓదార్చడానికి చెయ్యి ఎత్తబోయాను. అలవాటు. చెయ్యి సగం లేచాక తెలిసింది, దించుకున్నాను.

ఎంతసేపు పట్టిందో. నొక్కాడు, నొక్కాడు, చివరికి ఒక వేలు ఎత్తాడు, ఇంకో వేలు ఎత్తాడు, ఒంగి చూశాడు, పట్టీ బిగించాడు. చెమట తుడుచుకుని, "అయిందమ్మా. ఇంక నిమ్మళంగా మాట్లాడుకోవచ్చు, లేవడం మాత్రం రేపే," అని చేతులు విదిలించుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ బరువు పోతే తొడ తేలిపోయినట్టుంది, ఏదో వెలితి. అప్పుడే పెద్ద డాక్టరు వచ్చాడు, నా కాళ్ళ దగ్గర ఆగి, మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి, సగం ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. రెండు నెలల తర్వాత, మళ్ళీ ఒకసారి, రిస్కు, మీరు ఆలోచించుకుని, ఆవిడకి ఇప్పుడే... నా మంచం మీదుగా, నా కాళ్ళ మీదుగా వాళ్ళిద్దరూ నా గుండె గురించి మాట్లాడుకుంటున్నారు. రోజూ గాజు అవతలినుంచి ఎంతమంది ఇలాగే నా నెత్తి మీదుగా మాట్లాడుకున్నారో, ఎప్పుడూ నేను ఊరుకోలేదు.

"డాక్టరుగారూ," అన్నాను. "ఇటు తిరగండి. గుండె ఇటుంది."

డాక్టరు తిరిగాడు. నిజంగా ఉలిక్కిపడ్డాడు, మంచం మాట్లాడినట్టు. "అమ్మా, మీరు విశ్రాంతి..." "మీరు చెప్పండి. అన్నీ విన్నాను, విననిది చెప్పండి." తర్వాత మా ఆయనతో, "మీరు కాసేపు బయట కూర్చోండి," అన్నాను. ఆయన కదలలేదు. "కూర్చోండి," అన్నాను మళ్ళీ. చిన్నపిల్లాణ్ణి క్లాసులోంచి పంపినట్టు వెళ్ళారు, తెర దగ్గర వెనక్కి ఒకసారి చూశారు, నేను పైకప్పు వంక చూశాను.

డాక్టరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చెప్పాడు. మనిషి మంచివాడే, అడిగితే చెప్పే రకమే, ఇన్నాళ్ళూ అడగాల్సినవాళ్ళు అడగలేదంతే. గుండె కింది గోడ కొంత చచ్చిపోయిందన్నాడు. మిగతాది ఆ పిల్లదారుల పుణ్యాన బతుకుతోందన్నాడు, ఆ పిల్లదారులొచ్చే పక్క నరంలో కూడా ఇప్పుడు అడ్డు మొదలైంది, అది మూసుకుంటే రెండూ ఒకేసారి పోయినట్టే అన్నాడు. ఈ రోజు తీగ దూరిన గోడ మానడానికి రెండు నెలలు పడుతుంది, అప్పుడు మళ్ళీ ప్రయత్నించవచ్చు, తెరుచుకోవచ్చు, తెరుచుకోకపోవచ్చు, నరం చిట్లితే బల్ల మీదే ఏమైనా కావచ్చు. ఏమీ చేయకపోతే? "మందులతో లాగించాలి," అన్నాడు. "ఎన్నాళ్ళని నేను చెప్పలేను. సంతకం మీదే అమ్మా. మీరే నిర్ణయించుకోవాలి."

కావాలన్నది ఇదే కదా. తీసుకున్నాను. తీసుకోగానే భయం వేసింది, ఉత్త భయం, ఇంత పెద్దది మూడేళ్ళు ఆ మనిషి ఎలా మోశాడా అన్నంత భయం. ఎవరైనా వచ్చి అంతా గ్యాసే అంటే నమ్మేద్దామనిపించింది. తెర కింద ఆయన పాదాలు కనపడుతున్నాయి, బయట కూర్చోలేదు, అక్కడే ఆనుకుని నిలబడ్డారు, బొటనవేళ్ళు ఇటే తిరిగి ఉన్నాయి. ఒక్క పిలుపు చాలు. ఏమండీ అంటే చాలు, వచ్చి చెయ్యి పట్టుకుంటారు, ఆ చెయ్యి వెచ్చగా ఉంటుంది, అది నాకు తెలుసు, ఇప్పుడు ఈ లోకంలో నాకు కావలసింది అదొక్కటే అనిపించింది, సిగ్గు లేకుండా.

డాక్టరు లేచాడు. "ఆయన్ని పిలవమంటారా అమ్మా? ఏం చెప్పానని అడుగుతారు."

"వద్దండి," అన్నాను. "ఆయనకి ఎంత చెప్పాలో నేను చూసుకుంటాను."